రొట్టె, తొక్కు, కల్లు

అనువాద నవలలు చదివే అలవాటున్నవాళ్లకి ఒక దృశ్యం బాగా పరిచయం. దారిన పోయే మనిషి ఏ చెట్టు కిందో ఆగుతాడు. సంచీ విప్పి ఇంత రొట్టె, ఓ జున్ను ముక్క తీస్తాడు. ఇంకో చేతిలో సీసా, దాన్నిండా ద్రాక్షసారాయం. చాకుతో కోసుకు తిని, మూతి తుడుచుకుని లేచిపోతాడు. కథకి ఆ తిండితో పనేమీ ఉండదు. నాకు మాత్రం కథ మర్చిపోయాక కూడా ఆ తిండి గుర్తుండేది. మునగాల దగ్గర మా ఊళ్లో పెరిగిన రోజుల్లో చేతికి దొరికిన పుస్తకాల్లో ఎక్కువ పాత సోవియట్ పుస్తకాలే, రాదుగ వాళ్లవి. వాటిల్లో నల్లరొట్టె, ఉప్పు, ఉల్లిపాయ. తర్వాత్తర్వాత ఫ్రెంచి కథల్లోకి వచ్చేసరికి తెల్లరొట్టె, జున్ను, ద్రాక్షసారాయం. మనుషులు ఇంత తక్కువ తిండిని అంత ఇష్టంగా ఎట్లా తింటారా అనుకునేవాణ్ని.

ఆ మూడు మాటలూ తెలుగులోకి కాస్త వంకరగానే వచ్చాయి. మనకి పెనం మీద కాల్చిందీ రొట్టే, పొయ్యిలో పొంగిందీ రొట్టే. చీజ్‌కి ఇంగ్లీషు–తెలుగు నిఘంటువుల్లో జున్ను అని ఉంటుంది గానీ, జున్నంటే ఊళ్లో అందరికీ తెలుసు: బర్రె ఈనిన మొదటి రెండు మూడు రోజుల పాలు, బెల్లం, మిరియాలు. అది అంగట్లో కొనేది కాదు, ఇరుగుపొరుగుకి గిన్నెల్లో పంచేది. ఇక సారాయి. 1993లో నిషేధించేదాకా సారాయి అంటే ప్యాకెట్ సారాయే. ఆ మాట పక్కన ద్రాక్షని పెట్టినా పెద్ద ప్రయోజనం లేదు, ఆడవాళ్ల గుండెలు దడదడలాడే మాట అది. ద్రాక్షారసం అందామంటే అది చర్చిలో ప్రభు సంస్కారం నాటి మాట. బైబిలు అనువాదంలో రొట్టె పక్కన అది చక్కగా కుదిరింది, చెట్టు కింద కూర్చున్న బాటసారి చేతిలో మాత్రం కుదరదు.

మాటకి మాట కుదరకపోతే, భోజనానికి భోజనం అనువదిస్తే? అంటే, ఆ మనిషి మా వైపు పుట్టి, సూర్యాపేట నుంచి కోదాడ పోయే దారిలో ఏ తాటిచెట్టు కిందో ఆగి ఉంటే, సంచీలోంచి ఏం తీసేవాడు? ఈ ప్రశ్న చాలాకాలంగా నన్ను వదల్లేదు. జవాబు సులువుగానే దొరుకుతుంది. జొన్నరొట్టె, తొక్కు, కల్లు. కాకపోతే ఏ అనువాదంలోనైనా కొంత పోతుంది కదా. ఇందులో ఏం పోతుందో చూస్తే, మనం తేలిగ్గా అనేసే “సింపుల్ భోజనం” అనే మాటలో ఎంత బరువుందో తెలుస్తుంది.

*

ముందు మూలాన్ని చూద్దాం. కొన్నేళ్ల కింద ప్రాజెక్టు పని మీద ఫ్రాన్సులో గ్రెనోబుల్‌లో ఆరు నెలలున్నాను. మా టీములో రిటైర్మెంటుకి దగ్గర పడిన పెద్దాయన ఒకాయన క్యాంటీన్‌కి వచ్చేవాడు కాదు. ఎండ ఉన్న రోజుల్లో ఇజేర్ నది ఒడ్డున బెంచీ మీదికి పోయేవాడు. రెండో వారంలో నన్నూ పిలిచాడు. కాగితంలో చుట్టిన బగెట్, సెయింట్ మార్సెలిన్ అని ఆ చుట్టుపక్కల చేసే చిన్న బిళ్లంత చీజ్, రెండు గాజు గ్లాసులు, సగం సీసా రెడ్ వైన్. రొట్టెని చేత్తోనే విరిచాడు. చీజ్ లోపల మెత్తబడి కారుతూ ఉంది, దాన్ని చాకుతో రొట్టెకి రాశాడు. అంతే, భోజనం తయారు.

నిజం చెప్పాలంటే మూడింట్లో ఏదీ విడిగా తింటే అంత గొప్పగా లేదు. చీజ్ నుంచి తడిసిన పశువుల కొట్టం వాసన. వైన్ వగరు. రొట్టె పైపెచ్చు గట్టిది, దవడలు నొప్పెట్టేంత. మూడూ కలిసినప్పుడు మాత్రం ఒకదాన్నొకటి సర్దుకున్నాయి. చీజ్‌లో కొవ్వు నాలుక మీద పేరుకుంటే వైన్‌లోని పులుపు కడిగేస్తుంది, వైన్ వగరుని రొట్టె పీల్చేస్తుంది, రొట్టె చప్పదనానికి చీజ్‌లో ఉప్పుంది. మళ్లీ మొదటి ముక్క తిన్నంత కొత్తగా రెండో ముక్క. ఆయన ఒక్క గ్లాసు తాగి, చేతులు దులుపుకుని, వచ్చి కోడ్ రివ్యూలో కూర్చునేవాడు. అరగంట. గిన్నెలు లేవు, వడ్డన లేదు, “ఇంకొంచెం వేసుకోండి” లేదు.

మూడూ పులిసినవే. పిండిని ఈస్ట్ పులియబెడుతుంది, ద్రాక్షరసాన్నీ ఈస్టే. పాలని బ్యాక్టీరియా, కొన్ని చీజ్‌లలో బూజు కూడా. అయితే అవి పుట్టింది రుచి కోసం కాదు, నిలవ కోసం. ఆల్ప్స్ కొండల్లో వేసవి పచ్చిక ఉన్నన్నాళ్లే పాలు సమృద్ధి. చలికాలానికి ఆ పాలని దాచుకోవడానికి చీజ్. కోంతే అనే చీజ్ చక్రం ఒకటి దాదాపు నలభై కిలోలుంటుంది, దానికి నాలుగు వందల లీటర్ల పాలు పడతాయి. కనీసం నాలుగు నెలలు మాగాలి. నాలుగు వందల లీటర్ల పాలని ఎవరూ కొండ మీంచి దింపలేరు, నలభై కిలోల చక్రాన్ని బండిలో వేసుకోవచ్చు. ద్రాక్షపండు పది రోజులుండదు, వైన్ ఏళ్లుంటుంది. బీదరైతు దాచుకున్న సరుకే అది.

నిలవుండేది ప్రయాణం చేస్తుంది. ప్రయాణం చేసినదానికి పేరు వస్తుంది. పేరు వచ్చాక దాన్ని కాపాడటానికి చట్టం వస్తుంది. చీజ్‌కీ వైన్‌కీ ఏ ఊరి పేరు ఎవరు వాడుకోవచ్చో అక్కడ నియమాలున్నాయి. తెల్లారితే గట్టిపడిపోయే బగెట్‌కి కూడా ఆ మర్యాదలో వాటా దొరికింది. సంప్రదాయ ఫ్రెంచి రొట్టె అని పేరు పెట్టాలంటే పిండి, నీళ్లు, ఉప్పు, పులియబెట్టే ఈస్ట్ లేదా పులిసిన పిండి – ఈ నాలుగింటితోనే దాదాపుగా సరిపెట్టాలని 1993లో ఫ్రాన్సు ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. 2022లో బగెట్ చేసే నేర్పుని యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. నది ఒడ్డున బెంచీ మీద ఆ పెద్దాయన తిన్నది చాలా మామూలు తిండి. కానీ ఆ మామూలుతనం వెనక ఒక రాజ్యం నిలబడి ఉంది.

*

ఇప్పుడు అనువాదం.

జొన్నరొట్టెకి పులియబెట్టే పని లేదు. గోధుమపిండిలో సాగే గుణం ఉంది, గ్లూటెన్ అంటారే, అది. ఈస్ట్ వదిలిన గాలిని అదే పట్టి ఉంచుతుంది, అందుకే బ్రెడ్ పొంగుతుంది. జొన్నలో అది లేదు. చల్లనీళ్లతో కలిపితే జొన్నపిండి ఇసకలాగా రాలిపోతుంది. అందుకని మరిగే నీళ్లు పోస్తారు. ఆ వేడికి పిండిలోని గంజి జిగురెక్కి ముద్దని పట్టుకుంటుంది. చెయ్యి తట్టుకునేంత వేడిగా ఉండగానే పిసకాలి, చల్లారితే పని చెడుతుంది. కర్రతో ఒత్తితే అంచులు పగుళ్లిస్తాయి గనక పీట మీద పొడిపిండి చల్లి అరచేత్తో చరుస్తారు. మా నాయనమ్మ చరుస్తుంటే రొట్టె దానంతటదే తిరిగేది. పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో ఓసారి అద్దేది, లేకపోతే పొడిపిండి మాడి చేదొస్తుంది. ఆఖర్న నిప్పుల మీద నిలబెడితే ఒక్కసారి ఉబ్బేది. పిండి గిర్ని నుంచి వచ్చి ఎక్కువ రోజులైతే ఇవేవీ జరగవు. రొట్టె విరుగుతుంది, తప్పు పిండిదని ఆమె చెయ్యి పెట్టగానే చెప్పేది.

తొక్కంటే మా ఇంట్లో చింతకాయ తొక్కు. ముదిరిన పచ్చి చింతకాయని ఉప్పూ పసుపూ వేసి దంచి జాడీలో పెడితే ఏడాది ఉంటుంది. కావలసినప్పుడు కాస్త తీసి పచ్చిమిరపకాయో ఎండుమిరపకాయో వేసి నూరుకుంటారు. ఓ ఉల్లిగడ్డ. దాన్ని కత్తితో కోస్తే రుచి రాదు, అరుగు మీద పెట్టి పిడికిలితో ఒక్కటి గుద్దాలి.

కల్లు సంగతి వేరు. అది చెట్టు మీంచి దిగేసరికే పులవడం మొదలుపెట్టి ఉంటుంది. కల్లు గీసే గౌడన్న మోకు వేసుకుని ఎక్కి, గెల కొసని పల్చగా చెక్కి లొట్టి కడతాడు. కారిన నీరు తియ్యగా ఉంటుంది. లొట్టికి లోపల సున్నం రాసి, పొద్దు పొడవకముందే దించితే అది నీరా. సున్నం లేకపోతే గాలిలోంచీ, పాత లొట్టి గోడల్లోంచీ ఈస్ట్ వచ్చి పని మొదలుపెడుతుంది. పొద్దున తీపి, మధ్యాహ్నానికి పులుపు, సాయంత్రానికి ఘాటు, మర్నాటికి సిర్కా. చలికాలం ఈతకల్లు, ఎండాకాలం తాటికల్లు. మండువలో తాటాకుని దోనెలాగా మడిచి రేక చేసి ఇస్తారు, అందులోంచే తాగాలి. నేను నాన్నతో పోయి తాగేవాణ్ని. రొట్టె ముక్క తుంచి, తొక్కు అద్ది, నమిలి, మీదినుంచి ఒక గుక్క. జొన్న గరుకుకీ చింతకాయ పులుపుకీ మిరపకాయ మంటకీ ఆ చల్లటి తీపిపులుపు తగిలితే, గ్రెనోబుల్‌లో ఏ లెక్క పనిచేసిందో ఇక్కడా అదే. ఒకటి పేరుకుంటుంది, ఇంకొకటి కడిగేస్తుంది, మళ్లీ మొదటికొస్తాం.

మరి ఏం పోయింది? కల్లు నిలవుండదు. మా ఎండకి పాలూ నిలవుండవు, పెరుగు రెండోపూటకే పులిసిపోతుంది. మనవాళ్లూ దాచుకున్నారు గానీ వేరేవాటిని దాచుకున్నారు: తొక్కు, ఒరుగులు, వడియాలు. పాలల్లో నెయ్యి ఒక్కటే ఎండకి తట్టుకుంటుంది. అందుకే నెయ్యి ఊరు దాటి అంగడికి పోయింది, చల్ల ఊళ్లోనే ఉండిపోయింది, అడిగినవాళ్లకి చెంబుతో పోశారు. కల్లు ఆ చెట్టు కిందే, ఆ పూటే. అది ప్రయాణం చెయ్యలేదు కనక దానికి ఊరిపేరు లేదు, వయసు లేదు, రుచి చూసి మార్కులేసే నిపుణులు లేరు. కల్లు మీద పన్నులు మాత్రం ప్రభుత్వాలు వేశాయి. హైదరాబాదులో 2023లో నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ తెరిచినప్పుడు, మండువ మొదటిసారి పట్నం బట్టలు వేసుకున్నట్టనిపించింది.

*

ఈ తిండి గురించి తెలుగులో ఇద్దరు పెద్దకవులు చెప్పి ఉన్నారు, ఇద్దరూ పదిహేనో శతాబ్దం వాళ్లే. వాళ్ల మాటలు పక్కపక్కన పెట్టి చూడటం నాకిష్టం.

మాకు దక్షిణాన కృష్ణ దాటితే పల్నాడు. రాజుల ఆస్థానాల్లో సన్నబియ్యం అన్నం తిన్న శ్రీనాథుడు ఆ సీమకి పోయి పడ్డ బాధ ఆయన పేరు మీదున్న చాటువుల్లో ఉంది. ఒకదాంట్లో ఏకంగా కృష్ణుణ్నే నిలదీస్తాడు. పూతన పాలు తాగానని, కార్చిచ్చు మింగానని గొప్పలు పోతావు గానీ, చింతచిగురేసి వండిన ఉడుకుడుకు బచ్చలికూరతో జొన్నకూడు ఒక్క ముద్ద మింగు, అప్పుడు తెలుస్తుంది నీ పస అంటాడు. చదివి నవ్వని తెలుగువాడు లేడు. నేనూ నవ్వాను. కానీ ఆ పద్యంలో ఇంకో మనిషి ఉన్నారు, కనిపించరు. కవికి ఆ ముద్ద పెట్టినవాళ్లు. ఇంట్లో ఉన్నదే పెట్టి ఉంటారు. వాళ్లు రోజూ అదే తింటారు.

బమ్మెర పోతన దగ్గర ఇదే కృష్ణుడు వేరే భోజనం చేస్తాడు. దశమస్కంధంలో గోపబాలకులంతా చల్దులు కట్టుకుని దూడల్ని తోలుకుపోతారు. యమున ఒడ్డున కృష్ణుడి చుట్టూ కూర్చుంటారు. ఆకులు, పూరేకులు, రాళ్లు, ఏది దొరికితే అదే కంచం. కృష్ణుడి ఎడమచేతిలో మీగడపెరుగు కలిపిన చద్దిముద్ద, వేళ్ల సందుల్లో ఊరగాయ ముక్కలు. నంజుకుంటూ, ఒకళ్ల మూటలోది ఇంకొకళ్లు లాక్కుంటూ, నవ్వించుకుంటూ తింటారు. యజ్ఞాల్లో భాగాలు పుచ్చుకునే దేవుడు ఇట్లా తినడం చూసి పైనున్న దేవతలు ముక్కు మీద వేలేసుకుంటారు. ఊరగాయని వేళ్ల సందున పెట్టుకోవడం కంచం లేకుండా పొలంలో తిన్నవాళ్లకే తెలుస్తుంది. ఏ అలంకారశాస్త్రంలోనూ ఉండదది.

ఒకే తరహా తిండి. ఒకరికి శిక్ష, ఇంకొకరికి స్వర్గం. పోతన మంచివాడు, శ్రీనాథుడు చెడ్డవాడు అని తీర్పు చెప్పడం తేలిక. నాకు అట్లా అనిపించదు. గోపబాలకులు ఇంట్లో పాడి ఉన్న పిల్లలు, ఆ పూట ఆడుకుంటూ తినాలని సంతోషంగా మూట కట్టుకుని వచ్చారు. శ్రీనాథుడు ఇంకో దారి లేక తిన్నాడు. మధ్యలో ఆ అన్నం పెట్టిన పల్నాటి ఇల్లాలు ఉంది చూశారా, ఆమెకి ఏమనిపించిందో ఎవరూ రాయలేదు.

*

ఆమె లాంటి మనిషిని నాకు తెలుసు. మా అమ్మ.

మా వైపు భూమి రెండు రకాలు: కాలువ కిందది, కాలువ పైది. నాగార్జునసాగర్‌కి 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేస్తే, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకి నీళ్లు వదిలారు. ఎడమ కాలువకి లాల్ బహదూర్ పేరు పెట్టారు. అది మిర్యాలగూడ, హుజూర్‌నగర్, మునగాల, కోదాడల మీదుగా ఖమ్మం వైపు పోతుంది. కాలువ కింద జొన్నచేలు వరిమళ్లయ్యాయి. మిర్యాలగూడ రైసుమిల్లులకి పేరుపడింది. ఇప్పుడు కోదాడ రోడ్డు మీద బస్సులో పోతుంటే రెండుపక్కలా పచ్చగా ఉండేదంతా ఆ నీళ్ల పచ్చదనమే.

మా అమ్మ పుట్టిల్లు కాలువ పైన. నీళ్లు కళ్లకి కనపడేవి, చేలోకి ఎక్కేవి కావు. ఆమె చిన్నతనంలో ఇంట్లో పొద్దునా జొన్నే, మాపటికీ జొన్నే. రొట్టె కాకపోతే గటక, గటక కాకపోతే అంబలి. వరన్నం పండక్కో, చుట్టాలొస్తేనో. కాలువ కింద ఊళ్లకి నాట్లెయ్యడానికి పోయేవాళ్లు. మోకాళ్ల లోతు బురదలో వంగి వరి నాటి వచ్చి, ఇంట్లో జొన్నరొట్టె తినేవాళ్లు. 1983లో రెండు రూపాయలకి కిలో బియ్యం వచ్చేదాకా అంతే. ఆ మొదటి నెల బియ్యం వండినప్పుడు మా అమ్మమ్మ గంజి కూడా వంచలేదట, అన్నంలోనే ఇగరబెట్టిందట.

కాబట్టి మా ఇంట్లో రొట్టె అంటే మాకు ఒకటి, అమ్మకి ఇంకొకటి. నాన్నకి షుగర్ వచ్చాక డాక్టరు రాత్రిపూట అన్నం మానేసి జొన్నరొట్టె తినమన్నాడు. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరమని ప్రకటించింది. మా అపార్టుమెంటు కింద సూపర్‌మార్కెట్‌లో జొన్నపిండి ప్యాకెట్టు మంచి బియ్యం కంటే ఖరీదు. ఇవన్నీ అమ్మ చూస్తూనే ఉంటుంది. నాన్నకి రొట్టె చేసి పెడుతుంది, నాకూ పెడుతుంది. తను తినదు. “అన్నీ మంచియే, కాదన్ననా? నా వంతు నేను చిన్నప్పుడే తినేసిన బిడ్డా” అంటుంది. కోపంగా కాదు, లెక్క తేలిపోయినట్టు.

దీనికి ఎదురు చెప్పడానికేమీ లేదు. సాదా తిండిలో సుఖం ఉందని నేను రాయగలుగుతున్నానంటే, నా ఎదుట ఇంకో నాలుగు రకాలు ఉండి, వాటిని పక్కకి నెట్టి దీన్ని తీసుకుంటున్నాను. ఆ నెట్టడంలో సగం సుఖముంది. గ్రెనోబుల్ పెద్దాయనకీ అంతే, క్యాంటీన్‌లో మూడురకాల వేడి భోజనం ఉండగా ఆయన బెంచీ మీదికి పోయాడు. అమ్మకి నెట్టేయడానికి పక్కన ఏమీ లేదు. ఆమెకి ఎంచుకునే వీలు వచ్చినరోజున ఆమె అన్నాన్ని ఎంచుకుంది. అదీ ఎంపికే. బీపీటీ బియ్యంతో వేడన్నం, దాంట్లో తొక్కు, కాస్త నూనె. ఇది ఆమె సింపుల్ భోజనం. దాన్ని తగ్గించి మాట్లాడే హక్కు ఏ ఆరోగ్య చిట్కాకీ లేదు.

*

సాదాతనాన్ని ఎవరో ఒకరు దిద్దుతూనే ఉంటారు. దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఖయ్యాం. మనకి ఖయ్యాంని పారశీకం నుంచి తెచ్చింది దువ్వూరి రామిరెడ్డి, “పానశాల”గా. “కృషీవలుడు” రాసిన కవి, స్వయంగా సేద్యం చేసిన మనిషి. ఆదిభట్ల నారాయణదాసు కూడా తెచ్చారు. కానీ లోకంలో ఎక్కువమందికి తెలిసిన ఖయ్యాం మాత్రం 1859లో ఫిట్జెరాల్డ్ ఇంగ్లీషులోకి తెచ్చిన ఖయ్యాం. చెట్టునీడ, రొట్టె, మధుపాత్ర, కవితల పుస్తకం, పక్కన పాడే మనిషి. లోకంలో సింపుల్ భోజనానికి అంతకంటే పెద్ద ప్రచారం ఇంకెవరూ చేయలేదేమో.

ఆ పద్యం వెనక ఖయ్యాం పేరు మీదున్న రెండు రుబాయీలున్నాయి. ఒకదాంట్లో కవితల పుస్తకం ఉంది, మధువుంది, ప్రాణం నిలవడానికి సగం రొట్టె ఉంది. రెండోదాంట్లో గోధుమరొట్టె, మధువుతో పాటు గొర్రె తొడమాంసం ఉంది. ఫిట్జెరాల్డ్ రెండూ కలిపి, పుస్తకాన్ని ఉంచి తొడని తీసేశాడు. విక్టోరియా కాలపు పెద్దమనిషికి చెట్టుకింద కవిత్వం పక్కన మాంసం మోటుగా తోచిందేమో. రొట్టె, మధువు, గొర్రెతొడ ఉంటే అది బాగా తినే మనిషి కోరిక. తొడ తీసేసి పుస్తకం పెడితే అది నిరాడంబరత్వం. కలం ఒక్కసారి కదిలితే విందు కాస్తా వైరాగ్యమైపోయింది.

నా అనువాదంలో నేనూ అదే పని చేయవచ్చు. రొట్టె, తొక్కు, కల్లు అని మూడుమాటలు రాసి, మా మండువలో రొట్టె పక్కన ఎప్పుడూ ఉండే వేయించిన బోటినీ, చేపల వేపుడునీ వదిలేయవచ్చు. వినడానికి శుభ్రంగా ఉంటుంది. కానీ మండువలో కూర్చున్నవాళ్లెవరూ నిరాడంబరంగా ఉండాలని రారు. దొరికితే బోటి కూడా తింటారు, దొరక్కపోతే ఉల్లిగడ్డతో సరిపెట్టుకుంటారు. రెండురోజులూ ఒకేలా నవ్వుకుంటారు.

*

ఇంకోటి కూడా పోతోంది, అది అనువాదంలో పోయేది కాదు, మూలంలోనే పోతోంది. నమ్మకం.

మూడే వస్తువులున్న భోజనంలో దాక్కోవడానికి చోటు లేదు. మసాలా కూరలో ముక్క పాతదైనా తెలియదు. రొట్టెలో పిండి పాతదైతే రొట్టె విరిగి చెబుతుంది. తొక్కులో ఉప్పు తక్కువైతే బూజు చెబుతుంది. కల్లు ఇప్పుడు చెప్పడం మానేసింది. చెట్లు తగ్గాయి, ఎక్కేవాళ్లు తగ్గారు, తాగేవాళ్లు తగ్గలేదు. ఆ లోటుని పూడ్చడానికి పట్టణాల్లో నీళ్లు, చక్కెర, శాకరిన్, వాటిలో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలమ్. ఇవి నిద్రమాత్రలు, మత్తుమందులు. కొన్నాళ్లు తాగి మానేస్తే చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, కొందరు లేనిపోనివి చూస్తారు. తెలంగాణ ఆస్పత్రుల్లో డాక్టర్లకి ఇది బాగా తెలిసిన జబ్బు. కల్తీకల్లు తాగి చచ్చిపోయినవాళ్ల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. రోజుకూలీ చేసుకునేవాళ్లే వాళ్లలో ఎక్కువ.

1993 ఫ్రెంచి ఉత్తర్వు విలువ నాకు ఇక్కడ అర్థమవుతుంది. నాలుగు వస్తువులు తప్ప ఇంకేం కలపొద్దు అనడం రుచికి సంబంధించిన ఛాదస్తంలా కనిపిస్తుంది. అసలు దాని అర్థం, రొట్టె కొనుక్కునే మామూలు మనిషి అందులో ఏముందో అడగనక్కర్లేకుండా తినొచ్చు అని. మా ఊళ్లో ఆ ఉత్తర్వు పని ఒక మనిషి చేసేవాడు. చెట్టు మన కళ్లముందే ఉంది, ఎక్కినవాడు మనకి తెలుసు, దించిన లొట్టి మన ముందే వంచాడు. గౌడన్నకి మందు కలిపే వేళే లేదు. ఇప్పటికీ నేను చెట్టు కింద తప్ప ఇంకెక్కడా కల్లు తాగను. ఇందులో వేదాంతమేమీ లేదు, అంతకు మించి నమ్మే దారి నాకు కనపడలేదు, అంతే.

చెట్టెక్కే మనిషికీ తన పిల్లలు ఆ పని చెయ్యాలని లేదు. కాలుజారి పడి నడుము విరిగినవాళ్లు ప్రతి ఊళ్లో ఒకరిద్దరుంటారు. మండువలో అడిగితే, కొడుకు కోదాడలో ఇంజనీరింగ్ చదువుతున్నాడని సంతోషంగా చెప్పాడు. మా అమ్మకి రొట్టె ఎట్లాగో ఆయనకి మోకు అట్లాగ. నా ఆదివారం సుఖం కోసం ఆయన కొడుకు చెట్టెక్కాలని నేనెట్లా కోరుకుంటాను? చెట్టుతో పాటు ఆ పానీయం పోతుందేమో అనే దిగులు మాత్రం ఉంటుంది. రెండూ నిజమే, రెండింట్లో ఏదీ రెండోదాన్ని కొట్టేయదు.

హైదరాబాదులో మా ఇంట్లో శనివారం రాత్రి భోజనం ఇది. నాన్నకి రెండు రొట్టెలు, నాకు మూడు. ఊరినుంచి తెచ్చిన తొక్కు. కల్లు పట్నానికి రాదు గనక దాని చోట పుల్లటి చల్ల. ఒక్కోసారి మా ఆవిడ చీజ్ ముక్క కూడా పెడుతుంది, జొన్నరొట్టె వేడికి కరిగితే బానే ఉంటుంది. అమ్మ మాతోనే కూర్చుంటుంది, తన కంచంలో వేడన్నం. జాడీ ఒక్కటే. ముందు ఆమె వేసుకుని ఇటు జరుపుతుంది. మాటల్లో పడి నేను ఆలస్యం చేస్తే మూడో రొట్టె బిగుసుకుపోతుంది. అమ్మ అటునుంచే చూసి, “గట్టిపడ్డది, పెరుగులో నానేసుకో, మేమట్లనే తినెటోళ్లం” అంటుంది.